పెంపుడు జంతువుల అప్పగింత - యాజమాన్య వివాదాలు

పెంపుడు జంతువును ఒకరి ఇంటి నుండి మరొకరి ఇంటికి అప్పగించిన తరువాత, ఆ జంతువు ఎవరికి చెందుతుందనే విషయంపై తలెత్తే తగాదాలను పెంపుడు జంతువుల యాజమాన్య వివాదాలు అంటారు. ఇల్లు మారడం, విదేశాలలో ఉద్యోగం, అనారోగ్యం, పెళ్ళి, విడాకులు, అద్దె ఇంటి యజమాని అభ్యంతరం వంటి కారణాల వలన కుక్కలను, పిల్లులను ఇతరులకు అప్పగించడం పట్టణాలలో సాధారణం. కొన్ని నెలల తరువాత మొదటి యజమాని తిరిగి ఇవ్వమని అడగడం, పెంచుకుంటున్నవారు నిరాకరించడం వలన వివాదం మొదలవుతుంది. ఈ వ్యాసం ముఖ్యంగా భారతదేశ చట్టాలకు సంబంధించినది. ఇతర దేశాల పద్ధతులు చివరలో క్లుప్తంగా ఇవ్వబడ్డాయి.

భారతదేశంలో ఇటువంటి వివాదాల కోసం ప్రత్యేక చట్టం లేదు. ఒప్పందాలు, అమ్మకాలు, దానాలకు సంబంధించిన సాధారణ చట్టాలే వీటికి వర్తిస్తాయి. కనుక జంతువు ఇప్పుడు ఎవరి ఇంట్లో ఉంది, ఎవరిని ఎక్కువగా ప్రేమిస్తుంది అనే ప్రశ్నల కంటే, చేతులు మారిన రోజున ఇద్దరి మధ్య ఏమి కుదిరింది అనే ప్రశ్నే ముఖ్యమవుతుంది.

చట్టం దృష్టిలో పెంపుడు జంతువు

భారతీయ చట్టాల ప్రకారం పెంపుడు జంతువు చరాస్తి. 1930 నాటి వస్తు విక్రయ చట్టంలోని "వస్తువులు" అన్న నిర్వచనంలోకి పశువులు, కుక్కలు, పిల్లులు కూడా వస్తాయి. అందువలన వాటిని కొనవచ్చు, అమ్మవచ్చు, దానం చేయవచ్చు, మరొకరి సంరక్షణలో ఉంచవచ్చు.

అయితే జంతువు కుర్చీ, బల్ల వంటి వస్తువు మాత్రమే కాదు. 1960 నాటి జంతు క్రూరత్వ నిరోధక చట్టం దానిని బాధ తెలిసిన ప్రాణిగా గుర్తించి, దాని సంరక్షణ చూసేవారిపై బాధ్యతలు ఉంచింది. రాజ్యాంగంలోని 51ఏ(జీ) అధికరణం ప్రాణుల పట్ల దయ చూపడాన్ని పౌరుల ప్రాథమిక విధులలో ఒకటిగా పేర్కొంటున్నది. 2014లో జల్లికట్టు కేసులో సుప్రీంకోర్టు జంతువుల సంక్షేమానికి విస్తృతమైన అర్థం చెప్పింది. ఉత్తరాఖండ్ హైకోర్టు 2018లోను, పంజాబ్ హర్యానా హైకోర్టు 2019లోను జంతువులను చట్టపరమైన వ్యక్తులుగా ప్రకటించాయి. 2023లో జల్లికట్టుపై తీర్పునిచ్చిన సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం మాత్రం జంతువులకు ప్రాథమిక హక్కులు ఉన్నాయని చెప్పడానికి అంగీకరించలేదు. కనుక యాజమాన్య వివాదాలలో ఇప్పటికీ ఆస్తి చట్టమే ప్రధానం.

దత్తత అనే మాట

వ్యవహారంలో కుక్కపిల్లను "దత్తత తీసుకున్నాము" అంటారు. ఇది అలంకారికమైన వాడుక మాత్రమే. 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం పిల్లల దత్తతకు సంబంధించినది, జంతువులకు వర్తించదు. పిల్లల దత్తత జరిగిన తరువాత దానిని రద్దు చేయడం వీలుకాదు. జంతువు విషయంలో అటువంటి నియమమేదీ లేదు. దత్తత పత్రం అనే పేరుతో రాసుకున్న కాగితం నిజానికి అమ్మకమా, దానమా, తాత్కాలిక సంరక్షణా అనేది దానిలోని షరతులను బట్టి తేలుతుంది.

అప్పగింతలో రకాలు

అమ్మకం

ధర తీసుకుని జంతువును ఇస్తే అది అమ్మకం. వస్తు విక్రయ చట్టం సెక్షన్ 19 ప్రకారం, ఉభయులు ఎప్పుడు మారాలని అనుకున్నారో అప్పుడే యాజమాన్యం మారుతుంది. ఆ ఉద్దేశాన్ని ఒప్పందంలోని షరతులు, ఉభయుల ప్రవర్తన, సందర్భం బట్టి తెలుసుకుంటారు. ధర కొంత బాకీ ఉన్నంత మాత్రాన అమ్మకం చెల్లకుండా పోదు. అమ్మినవారు బాకీ కోసం దావా వేయవచ్చు గానీ, ఒప్పందంలో అటువంటి షరతు లేనిదే జంతువును వెనక్కి లాక్కోరాదు.

చూసి తీసుకునే షరతు

"పది రోజులు ఉంచుకుని చూడండి, కుదరకపోతే తెచ్చి ఇవ్వండి" అని ఇవ్వడం చాలాచోట్ల ఉన్న పద్ధతి. దీనికి సెక్షన్ 24 వర్తిస్తుంది. తీసుకున్నవారు సమ్మతి తెలిపినప్పుడు యాజమాన్యం వారికి మారుతుంది. ఏమీ చెప్పకుండా గడువు దాటినా, గడువు పెట్టుకోకపోతే సమంజసమైన కాలం దాటినా కూడా మారుతుంది. అంటే మౌనంగా ఉంచుకోవడమే కొనుగోలు అవుతుంది.

దానం

ప్రతిఫలం లేకుండా శాశ్వతంగా ఇస్తే అది దానం. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 122 ప్రకారం దానం ఇష్టపూర్వకంగా జరగాలి, తీసుకునేవారు అంగీకరించాలి. చరాస్తి దానానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదని, వస్తువును అప్పగిస్తే చాలునని సెక్షన్ 123 చెబుతున్నది. కుక్కను, దాని గొలుసును, టీకాల పుస్తకాన్ని చేతికిచ్చి "ఇక మీదే" అంటే దానం పూర్తయినట్లే. ఆ తరువాత మనసు మారిందని తిరిగి అడగడానికి హక్కు ఉండదు. ముస్లిం ధర్మశాస్త్రం ప్రకారం చేసే దానానికి (హిబా) ఈ అధ్యాయం వర్తించదు. అయితే ఆ పద్ధతిలో కూడా ప్రకటన, అంగీకారం, స్వాధీనం అప్పగించడం అనే మూడూ అవసరం.

సంరక్షణకు అప్పగించడం

ఫలానా పని పూర్తయ్యాక తిరిగి ఇవ్వాలనే షరతుపై వస్తువును ఇవ్వడాన్ని 1872 నాటి భారత ఒప్పందాల చట్టంలో బెయిల్‌మెంటు అంటారు (సెక్షన్ 148). ఊరికి వెళ్తూ కుక్కను స్నేహితుని దగ్గర ఉంచడం, డబ్బు చెల్లించి బోర్డింగు కేంద్రంలో వదలడం, జంతు సంక్షేమ సంస్థ తన దగ్గరి పిల్లిని కొంతకాలం ఒక ఇంట్లో పెంచడానికి ఇవ్వడం దీనికి ఉదాహరణలు. ఇందులో స్వాధీనం మారుతుంది గానీ యాజమాన్యం మారదు.

* తన సొంత వస్తువు పట్ల సామాన్య వివేకం గలవారు తీసుకునేంత జాగ్రత్తను సంరక్షకుడు తీసుకోవాలి (సెక్షన్ 151).
* గడువు ముగిసినా, ఉద్దేశించిన పని పూర్తయినా, అడగకపోయినా జంతువును తిరిగి ఇవ్వాలి (సెక్షన్ 160).
* సంరక్షకుడు ప్రతిఫలం తీసుకోనట్లయితే, అవసరమైన ఖర్చులను యజమాని చెల్లించాలి (సెక్షన్ 158).
* వేరే ఒప్పందం లేకపోతే సంరక్షణ కాలంలో పుట్టిన పిల్లలు కూడా యజమానికే చెందుతాయి (సెక్షన్ 163).

చివరి నియమానికి చట్టమే ఒక ఉదాహరణ ఇస్తుంది. ఒకరు తన ఆవును మరొకరి సంరక్షణలో ఉంచగా అది ఈనింది. ఆవుతో పాటు దూడను కూడా తిరిగి అప్పగించాలి. దూడలలో వాటా ఇచ్చే షరతుతో పశువులను మేపడానికి ఇచ్చేటప్పుడు "వేరే ఒప్పందం" ఉన్నట్లే కనుక, ఆ షరతు ప్రకారమే పంపకం జరుగుతుంది.

దొరికిన జంతువు

తప్పిపోయి వచ్చిన జంతువును చేరదీసినవారు దానికి యజమానులు కారు. ఒప్పందాల చట్టం సెక్షన్ 71 ప్రకారం వారికి సంరక్షకునికి ఉండే బాధ్యతలే ఉంటాయి. సెక్షన్ 168 ప్రకారం, యజమానిని వెతకడానికి, జంతువును కాపాడటానికి అయిన ఖర్చు కోసం దావా వేసే హక్కు వారికి లేదు. కానీ ఆ ఖర్చు చెల్లించేదాకా జంతువును తమ వద్ద ఉంచుకోవచ్చు. యజమాని బహుమతి ప్రకటించి ఉంటే దాని కోసం దావా వేయవచ్చు. పంటలో పడి బందెలదొడ్డికి చేరిన పశువుల సంగతి వేరు. వాటికి 1871 నాటి పశువుల అతిక్రమణ చట్టం వర్తిస్తుంది.

వీధి కుక్కలు

వీధి కుక్కకు ప్రత్యేకంగా యజమాని ఉండరు. 2001 నాటి నియమాల స్థానంలో వచ్చిన 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాలు పెంపుడు జంతువులను, వీధి జంతువులను వేరువేరుగా పరిగణిస్తాయి. వీధి కుక్కలను దత్తత తీసుకోదలచినవారు స్థానిక పురపాలక సంస్థకు దరఖాస్తు చేసుకోవచ్చునని, అలా తీసుకున్న కుక్క మళ్ళీ వీధిలోకి రాకుండా చూసే బాధ్యత వారిదేనని సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 22న ఇచ్చిన ఉత్తర్వులో పేర్కొన్నది.

తిరిగి అడిగే హక్కు

వివాదాలలో ఎక్కువ భాగం దానానికి, సంరక్షణకు మధ్య తేడా స్పష్టంగా లేకపోవడం వలన వస్తాయి. ఉదాహరణకు విజయవాడలోని ఒక ఉద్యోగి విదేశాలకు వెళ్తూ తన కుక్కను గుంటూరులోని స్నేహితునికి ఇచ్చాడనుకుందాం. "నువ్వు చూసుకో" అన్నది ఒక్కటే వారి మధ్య జరిగిన మాట. రెండేళ్ళ తరువాత ఉద్యోగి తిరిగి వచ్చి కుక్కను అడిగాడు. ఉద్యోగి దృష్టిలో అది సంరక్షణ, స్నేహితుని దృష్టిలో దానం. ఇద్దరూ అబద్ధం చెప్పకపోవచ్చు. అప్పుడు కోర్టు ఆనాటి సందేశాలను, ఆహారం ఖర్చు ఎవరు భరించారో, వెళ్ళే ముందు తిరిగి వచ్చే తేదీ చెప్పాడో లేదో, మధ్యలో కుక్క గురించి అడుగుతూ వచ్చాడో లేదో పరిశీలించి ఉద్దేశాన్ని నిర్ణయిస్తుంది.

దానానికి షరతులు పెట్టడంలో ఒక మెలిక ఉంది. ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 126 ప్రకారం, దాత ఇష్టంపై ఆధారపడని ఒక సంఘటన జరిగితే దానం రద్దవుతుందని ఉభయులు ముందుగా ఒప్పుకోవచ్చు. "మీరు పెంచలేని పరిస్థితి వస్తే నాకే తిరిగి ఇవ్వాలి" అనే షరతు ఈ కోవలోనిది. కానీ "నేను ఎప్పుడు అడిగితే అప్పుడు తిరిగి ఇవ్వాలి" అనే షరతుతో చేసిన దానం చెల్లదు. అటువంటి సందర్భంలో ఆస్తి దాతకే ఉండిపోతుంది. అంటే ఆ షరతును అంగీకరించి జంతువును తీసుకున్నవారు, ఎన్నేళ్ళు పెంచినా, యజమానులమని చెప్పుకోవడం కష్టం.

జంతు సంక్షేమ సంస్థలు తమ దత్తత పత్రాలలో సాధారణంగా శస్త్రచికిత్స, టీకాలు, ఇంటి తనిఖీ, మరొకరికి ఇవ్వకపోవడం, వద్దనుకుంటే సంస్థకే తిరిగి ఇవ్వడం వంటి షరతులు రాస్తాయి. షరతు తప్పితే జంతువు సంస్థకే చెందుతుందని పత్రంలో స్పష్టంగా ఉంటే సంస్థ వాదన బలంగా ఉంటుంది. అలా లేకపోతే అది ఒప్పంద ఉల్లంఘన మాత్రమే అవుతుంది. జంతువు తిరిగి దక్కుతుందన్న నమ్మకం ఉండదు. ఏ సందర్భంలోనైనా సంస్థ ప్రతినిధులు కోర్టు ఉత్తర్వు లేకుండా ఇంట్లోకి ప్రవేశించి జంతువును తీసుకుపోరాదు.

దాచిన విషయాలు

జంతువుకు ఉన్న జబ్బును గానీ, కరిచే అలవాటును గానీ దాచి ఇవ్వడం మరొక తగాదాకు కారణం. తప్పుడు మాట చెప్పి ఒప్పించినట్లయితే, తీసుకున్నవారు ఒప్పందాల చట్టం సెక్షన్ 19 ప్రకారం ఒప్పందాన్ని రద్దు చేసుకోవచ్చు. అయితే కేవలం మౌనంగా ఉండటం అన్నివేళలా మోసం కాదు. సెక్షన్ 17 కింద ఇచ్చిన ఉదాహరణ ప్రకారం, గుర్రానికి లోపముందని తెలిసి కూడా వేలంలో ఏమీ చెప్పకుండా అమ్మడం మోసం కాదు. కానీ "మీరు కాదనకపోతే గుర్రం బాగున్నదనే అనుకుంటాను" అని కొనేవారు అన్నప్పుడు మౌనం వహిస్తే, ఆ మౌనం మాటతో సమానమే. కనుక తీసుకునేవారు సూటిగా ప్రశ్నించడం ముఖ్యం.

సంరక్షణకు ఇచ్చేటప్పుడు నియమం ఇంకా కఠినమైనది. తనకు తెలిసిన లోపాలను ఇచ్చేవారు తప్పక చెప్పాలి (సెక్షన్ 150). పొగరుబోతు గుర్రమని చెప్పకుండా ఎరువు ఇస్తే, దాని వలన పడి గాయపడినవారికి యజమాని నష్టపరిహారం చెల్లించాలని చట్టంలోని ఉదాహరణ చెబుతున్నది. కరిచే కుక్కకు కూడా ఇదే సూత్రం వర్తిస్తుంది. దుకాణం నుండి గానీ, వ్యాపారంగా పెంచేవారి నుండి గానీ కొన్నవారు 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌ను ఆశ్రయించవచ్చు.

మూడో వ్యక్తి చేతికి చేరినప్పుడు

తనకు లేని హక్కును ఎవరూ ఇతరులకు ఇవ్వలేరన్నది సాధారణ సూత్రం (వస్తు విక్రయ చట్టం, సెక్షన్ 27). దొంగిలించిన కుక్కపిల్లను ఎంత నమ్మకంగా, ఎంత ధర పెట్టి కొన్నా, అసలు యజమానికి తిరిగి ఇవ్వవలసిందే. సంరక్షకుడు తన దగ్గర ఉంచిన జంతువును అమ్మినా సాధారణంగా ఇదే వర్తిస్తుంది. దీనికి రెండు ముఖ్యమైన మినహాయింపులు ఉన్నాయి.

* ఉమ్మడి యజమానులలో ఒకరి దగ్గర మిగిలినవారి అనుమతితో జంతువు ఉన్నప్పుడు, వారి నుండి విషయం తెలియక సద్భావంతో కొన్నవారికి హక్కు వస్తుంది (సెక్షన్ 28).
* మోసంతో కొన్న వ్యక్తి, ఆ ఒప్పందం రద్దు కాకముందే దానిని మరొకరికి అమ్మితే, సద్భావంతో కొన్న ఆ మూడో వ్యక్తికి హక్కు వస్తుంది (సెక్షన్ 29). కనుక మోసపోయినట్లు తెలిసిన వెంటనే రద్దు చేస్తున్నట్లు రాతపూర్వకంగా తెలియజేయాలి.

ఇంట్లోని మైనరు పిల్లలకు ఒప్పందం చేసుకునే అర్హత లేదు (ఒప్పందాల చట్టం, సెక్షన్ 11). పెద్దలకు తెలియకుండా పిల్లవాడు కుక్కను అమ్మితే ఆ అమ్మకం చెల్లదు.

యాజమాన్యానికి ఆధారాలు

జంతువు ఎవరి స్వాధీనంలో ఉందో వారే యజమాని అని చట్టం మొదట భావిస్తుంది. కాదని వాదించేవారే రుజువు చేయాలి (భారతీయ సాక్ష్య అధినియం 2023, సెక్షన్ 113, పూర్వపు సాక్ష్య చట్టంలో సెక్షన్ 110). అందువలన మొదటి యజమాని దగ్గర ఆధారాలు ఉండటం అవసరం. సాధారణంగా చూపే ఆధారాలు ఇవి:

* కొనుగోలు రసీదు లేదా దత్తత పత్రం
* పురపాలక సంస్థ జారీచేసిన కుక్క లైసెన్సు
* పశువైద్యుని చికిత్స రికార్డులు, టీకాల పుస్తకం
* మైక్రోచిప్ సంఖ్య, అది ఎవరి పేరున నమోదైనదో తెలిపే పత్రం
* జాతి కుక్కలకు, చెన్నై కేంద్రంగా గల కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా ధ్రువపత్రం
* తేదీలతో కూడిన ఫోటోలు, సందేశాలు, చెల్లింపుల వివరాలు

వీటిలో ఏ ఒక్కటీ తిరుగులేని ఆధారం కాదు. మైక్రోచిప్ జంతువును గుర్తుపట్టడానికి ఉపయోగపడుతుంది. యాజమాన్యాన్ని అది సృష్టించదు. టీకాల పుస్తకంలో పేరు ఉండటం, ఆ రోజు ఆసుపత్రికి తీసుకువెళ్ళినవారు ఎవరో మాత్రమే తెలుపవచ్చు. అలాగే ఎక్కువ ఖర్చు పెట్టినంత మాత్రాన సంరక్షకుడు యజమాని కాడు. ఆ ఖర్చు రాబట్టుకునే హక్కు మాత్రమే కలుగుతుంది. ఖర్చు చెల్లించేదాకా జంతువును ఉంచుకోవచ్చా అన్నది వేరే ప్రశ్న. సెక్షన్ 170 శ్రమ గానీ నైపుణ్యం గానీ ఉపయోగించి చేసిన సేవకు ఆ హక్కునిస్తుంది. ఇంగ్లీషు సాధారణ న్యాయంలో గుర్రానికి శిక్షణ ఇచ్చినవారికి అటువంటి హక్కు ఉంది. కేవలం మేత వేసినవారికి లేదు.

కుటుంబంలో వివాదాలు

విడిపోతున్న దంపతుల మధ్య వచ్చే తగాదాలలో "కస్టడీ" అనే మాట వాడినా, పిల్లల కస్టడీకి వర్తించే చట్టాలు జంతువులకు వర్తించవు. పెళ్ళికి ముందు కొన్న జంతువు కొన్నవారిదే. ఒకరు మరొకరికి కానుకగా ఇచ్చినది కానుక పొందినవారిది. పెళ్ళి సందర్భంగా ఇద్దరికీ కలిపి వచ్చిన ఉమ్మడి ఆస్తి విషయంలో 1955 నాటి హిందూ వివాహ చట్టం సెక్షన్ 27 కింద కోర్టు ఉత్తర్వు ఇవ్వవచ్చు. ఇద్దరూ కలిసి కొన్న జంతువును ముక్కలుగా పంచలేరు కనుక, ఒకరు ఉంచుకుని మరొకరికి విలువ చెల్లించడం గానీ, రాజీ పత్రంలో వంతుల వారీగా ఉంచుకోవడానికి అంగీకరించడం గానీ జరుగుతుంది.

నేర చట్టాలు

2024 జూలై 1 నుండి భారత శిక్షా స్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమలులో ఉన్నది. ఈ వివాదాలకు సంబంధించిన ముఖ్యమైన సెక్షన్లు:

* దొంగతనం (సెక్షన్ 303). పాత స్మృతిలోని ఒక ఉదాహరణ కొత్త సంహితలో కూడా ఉన్నది. ఒకరు జేబులో ఎర పెట్టుకుని మరొకరి కుక్కను కాజేయాలనే దురుద్దేశంతో తన వెంట రప్పించుకుంటే, కుక్క వెంట నడవడం మొదలుపెట్టిన క్షణమే దొంగతనం పూర్తయినట్లు.
* సొత్తును అక్రమంగా సొంతం చేసుకోవడం (సెక్షన్ 314). దొరికిన జంతువు యజమాని ఎవరో తెలిసి కూడా దురుద్దేశంతో ఉంచుకోవడం దీని కిందికి రావచ్చు.
* నమ్మకద్రోహం (సెక్షన్ 316). సంరక్షణకు ఇచ్చిన జంతువును దురుద్దేశంతో అమ్ముకోవడం దీనికి ఉదాహరణ. దీనికి 5 సంవత్సరాల వరకు జైలుశిక్ష విధించవచ్చు.
* జంతువును చంపడం, విషం పెట్టడం, అంగవైకల్యం కలిగించడం (సెక్షన్ 325). దీనికి కూడా 5 సంవత్సరాల వరకు శిక్ష ఉంది.

ఈ నేరాలలో మొదటి మూడింటికి దురుద్దేశం ఉండటం తప్పనిసరి. ఆస్తి తనదేనని సద్భావంతో నమ్మి తీసుకున్నవారు దొంగలు కారు. అందువలన రెండు పక్షాలూ "మాదే" అని నమ్ముతున్న తగాదాలను పోలీసులు తరచుగా సివిల్ వివాదాలుగా పరిగణించి కోర్టుకు వెళ్ళమంటారు. అలాగని తనదేనన్న నమ్మకంతో ఎదుటివారి ఇంట్లోకి చొరబడి తీసుకురావడం సరికాదు. దొంగతనం కాకపోయినా అది అక్రమ ప్రవేశం (సెక్షన్ 329) కావచ్చు.

పోలీసులు జంతువును స్వాధీనం చేసుకుంటే, విచారణ ముగిసేదాకా ఎవరి దగ్గర ఉంచాలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్లు 497, 503 కింద మేజిస్ట్రేటు నిర్ణయిస్తారు. ఇది తాత్కాలిక ఏర్పాటు మాత్రమే. యాజమాన్యంపై తుది తీర్పు కాదు.

సివిల్ కోర్టులో పరిష్కారం

సాధారణంగా చరాస్తి పోతే దాని విలువను డబ్బు రూపంలో ఇప్పిస్తారు. కానీ వయసు మళ్ళిన నాటు కుక్కకు బజారులో ధర ఏమీ ఉండకపోవచ్చు. దాని యజమానికి కావలసింది డబ్బు కాదు, ఆ కుక్కే. 1963 నాటి నిర్దిష్ట పరిహార చట్టంలో దీనికి అవకాశం ఉన్నది. సెక్షన్ 7 ప్రకారం చరాస్తిని తిరిగి పొందడానికి దావా వేయవచ్చు. డబ్బు తగిన పరిహారం కానప్పుడు, నష్టాన్ని లెక్కకట్టడం మిక్కిలి కష్టమైనప్పుడు, యజమాని కాకుండా ఆ వస్తువును ఉంచుకున్నవారిని దానినే అప్పగించమని సెక్షన్ 8 కింద ఒత్తిడి చేయవచ్చు. దావా తేలేదాకా జంతువును అమ్మకుండా, వేరే ఊరికి తరలించకుండా తాత్కాలిక నిషేధాజ్ఞ కోరవచ్చు.

1963 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం దావాకు గడువు 3 సంవత్సరాలు. అయితే ఆ గడువు ఎప్పుడు మొదలవుతుందనేది సందర్భాన్ని బట్టి మారుతుంది.

* తప్పిపోయిన లేదా దొంగిలించబడిన జంతువు: అది ఎవరి దగ్గర ఉన్నదో మొదటిసారి తెలిసిన నాటి నుండి
* సంరక్షణకు ఇచ్చిన జంతువు: తిరిగి అడిగినప్పుడు నిరాకరించిన నాటి నుండి
* ఇతర సందర్భాలు: అక్రమంగా తీసుకున్న నాటి నుండి

గడువు దాటితే దావా వేసే హక్కుతో పాటు ఆస్తిపై హక్కు కూడా అంతరిస్తుంది (సెక్షన్ 27). కుక్క ఆయుర్దాయం సాధారణంగా 10 నుండి 13 సంవత్సరాలు. సివిల్ దావాలు ఏళ్ళ తరబడి సాగడం వలన తీర్పు వచ్చేసరికి జంతువు వృద్ధాప్యానికి చేరవచ్చు, చనిపోవచ్చు కూడా. ఈ కారణంగా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా లోక్ అదాలత్‌లో గానీ, మధ్యవర్తిత్వం ద్వారా గానీ రాజీ కుదుర్చుకోవడం మేలు. దావా వేయకముందే లోక్ అదాలత్‌ను ఆశ్రయించవచ్చు. దీనికి రుసుము ఉండదు.

జంతువు క్షేమం

జంతు క్రూరత్వ నిరోధక చట్టంలో "యజమాని" అనే మాటకు విశాలమైన అర్థం ఉంది. అసలు యజమానితో పాటు, అతని అనుమతి ఉన్నా లేకపోయినా, ప్రస్తుతం జంతువును స్వాధీనంలో ఉంచుకున్నవారు కూడా ఆ మాటలోకి వస్తారు (సెక్షన్ 2). కనుక "కుక్క నాది కాదు" అని చెప్పి తిండి పెట్టకపోవడం కుదరదు. ఆకలిదప్పులతో బాధపడే పరిస్థితిలో కారణం లేకుండా జంతువును వదిలివేయడం సెక్షన్ 11 కింద నేరం. అయితే మొదటిసారి నేరానికి జరిమానా 10 రూపాయల నుండి 50 రూపాయలు మాత్రమే. 1960లో నిర్ణయించిన ఈ మొత్తం చాలా స్వల్పమనే విమర్శ ఉన్నది. దోషిగా తేలిన యజమాని చేతిలో జంతువు మళ్ళీ బాధపడే అవకాశముంటే, కోర్టు అతని యాజమాన్యాన్ని తొలగించవచ్చు (సెక్షన్ 29).

క్రూరత్వ కేసులో స్వాధీనం చేసుకున్న జంతువును విచారణ కాలంలో యజమానికి ఇవ్వాలా, సంరక్షణ కేంద్రంలో ఉంచాలా అనే విషయంపై సుప్రీంకోర్టు 1998లో ఒక పింజ్రాపోల్ కేసులో మార్గదర్శకాలు చెప్పింది. నేర తీవ్రత, యజమానిపై ఇది మొదటి కేసా కాదా, తనిఖీలో జంతువు ఉన్న స్థితి, మళ్ళీ క్రూరత్వానికి గురయ్యే అవకాశం వంటివి చూడాలని పేర్కొన్నది. ఇటువంటి జంతువుల సంరక్షణ, ఖర్చుల విషయంలో 2017లో ప్రత్యేక నియమాలు వచ్చాయి. యజమాని ఎవరన్నదే కాక జంతువు ఎక్కడ క్షేమంగా ఉంటుందని కూడా కోర్టు చూసే సందర్భం ఇది.

అప్పగించడానికి వీలులేని జంతువులు

రామచిలుక, నక్షత్ర తాబేలు వంటి దేశీయ వన్యప్రాణులకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ కల్పిస్తున్నది. వీటిని ఇంట్లో పెంచడం, అమ్మడం నేరం. కనుక వీటిపై యాజమాన్య వివాదానికి తావు లేదు. వీటిని అటవీశాఖకు అప్పగించాలి. అంతర్జాతీయ ఒప్పందం పరిధిలోకి వచ్చే కొన్ని విదేశీ జాతుల చిలుకలు, సరీసృపాలను పెంచేవారు 2022 నాటి చట్ట సవరణ, 2024 నాటి నియమాల ప్రకారం వాటిని నమోదు చేయించాలి. చేతులు మారినప్పుడు ఆ వివరాలను కూడా తెలియజేయాలి.

ఇతర దేశాలలో

బ్రిటన్: ఇంగ్లాండులో 2016 నుండి కుక్కలకు, 2024 నుండి పిల్లులకు మైక్రోచిప్ తప్పనిసరి. చిప్ వివరాలలో ఉండేది పెంచుతున్నవారి పేరు. దానినే యాజమాన్యానికి రుజువుగా భావించరు. 2024లో వచ్చిన చట్టం ఇంగ్లాండు, ఉత్తర ఐర్లండులలో కుక్కలను, పిల్లులను అపహరించడాన్ని ప్రత్యేక నేరంగా చేసింది.

అమెరికా: 2005 ఆగస్టులో కత్రినా తుఫాను సమయంలో న్యూ ఆర్లియన్స్ ప్రాంతంలో వేలాది జంతువులు యజమానులకు దూరమయ్యాయి. వాటిలో చాలావాటిని దూర రాష్ట్రాలకు తరలించి కొత్త కుటుంబాలకు ఇచ్చారు. తరువాత యజమానులు వెతుక్కుంటూ రావడంతో కొన్ని వివాదాలు కోర్టుల దాకా వెళ్ళాయి. విపత్తులలో ప్రజలతో పాటు వారి పెంపుడు జంతువులను కూడా తరలించే ప్రణాళికలు ఉండాలని 2006లో చట్టం చేశారు. 1997లో వెర్మాంట్ రాష్ట్ర సుప్రీంకోర్టు ఒక కేసులో, తప్పిపోయిన కుక్క యజమాని కోసం తగినంతగా వెతికి, ఏడాదికి పైగా పెంచిన వ్యక్తే దానిని ఉంచుకోవచ్చునని తీర్పునిచ్చింది. విడాకుల కేసులలో జంతువు క్షేమాన్ని కూడా పరిశీలించేలా అలాస్కా (2017), ఇల్లినాయి (2018), కాలిఫోర్నియా (2019), న్యూయార్క్ (2021) రాష్ట్రాలు చట్టాలు తెచ్చాయి. అక్కడ స్థిరపడిన తెలుగువారికి కూడా ఆయా రాష్ట్రాల చట్టాలే వర్తిస్తాయి.

ఐరోపా: జంతువులు వస్తువులు కావని ఆస్ట్రియా 1988లోను, జర్మనీ 1990లోను తమ సివిల్ చట్టాలలో చేర్చాయి. ఫ్రాన్సు 2015లో వాటిని స్పందన గల ప్రాణులుగా గుర్తించింది. అయితే ఈ దేశాలలో కూడా, వేరే నియమం లేనిచోట ఆస్తి చట్టమే జంతువులకు వర్తిస్తుంది.

అప్పగింత పత్రం

వివాదాలను నివారించడానికి, జంతువును ఇచ్చే రోజునే ఒక చిన్న పత్రం రాసుకోవడం మంచిది. దీనికి రిజిస్ట్రేషన్ అవసరం లేదు. అందులో ఉండవలసిన విషయాలు:

# ఇచ్చేవారి, తీసుకునేవారి పేర్లు, చిరునామాలు, తేదీ
# జంతువు జాతి, రంగు, వయసు, గుర్తులు, మైక్రోచిప్ సంఖ్య
# ఇది అమ్మకమా, దానమా, తాత్కాలిక సంరక్షణా అనే స్పష్టమైన వాక్యం
# తాత్కాలికమైతే తిరిగి తీసుకునే తేదీ. ఆ తేదీకి తీసుకోకపోతే ఏమి చేయాలి
# ఆహారం, వైద్యం ఖర్చులు ఎవరివి
# పిల్లలు పుడితే ఎవరికి చెందుతాయి
# జబ్బులు, కరిచే అలవాటు, గతంలో జరిగిన శస్త్రచికిత్సలు
# పెంచలేని పరిస్థితి వస్తే ఎవరికి ఇవ్వాలి
# ఉభయుల సంతకాలు, ఇద్దరు సాక్షుల సంతకాలు

శాశ్వతంగా ఇచ్చినట్లయితే పురపాలక లైసెన్సు, మైక్రోచిప్ నమోదు, కెన్నెల్ క్లబ్ పత్రం కొత్త యజమాని పేరుకు మార్పించాలి. ఉమ్మడి కుటుంబంలో, ఇద్దరు కలిసి పెంచిన చోట అందరి అంగీకారం తీసుకోవాలి. ఇచ్చే రోజున ఇద్దరి మధ్య స్నేహం ఉంటుంది కనుక రాయడం మొహమాటంగా అనిపించవచ్చు. కానీ తరువాత ఇద్దరికీ ఆధారంగా మిగిలేది, ఆ జంతువును రెండు ఇళ్ళ మధ్య లాగులాట నుండి కాపాడేది ఆ కాగితమే.

ఇవి కూడా చూడండి

* జంతు క్రూరత్వ నిరోధక చట్టం, 1960
* భారత ఒప్పందాల చట్టం, 1872
* వస్తు విక్రయ చట్టం, 1930
* భారత జంతు సంక్షేమ బోర్డు
* లోక్ అదాలత్